బ్రాకెన్ ఏటి చివరి మడుగు

భూగోళం దక్షిణపు కొసన ఉన్న ఆ దేశంలో ఫిబ్రవరి అంటే నడివేసవి, జూన్ అంటే చలికాలం. ఫిబ్రవరి మొదటి వారానికల్లా బ్రాకెన్ ఏరు ముక్కలైపోయింది. వంతెన మీద నిలబడి చూస్తే పైకీ కిందకీ తెల్లటి గులకరాళ్ళే. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి మడుగులు మిగిలాయి. ఒక్కో మడుగులో పదీ పదిహేను ట్రౌట్ చేపలు ఎటు పోవాలో తెలియక గిరగిరా తిరుగుతున్నాయి.

నోలీన్ బాబింగ్టన్ ముప్ఫై ఆరేళ్ళుగా ఆ ఏట్లో గాలం వేస్తోంది. ఈ వేసవిలో మాత్రం ఆమె బండి వెనక గాలం కర్ర లేదు. రెండు పెద్ద ప్లాస్టిక్ తొట్లు, ఒక లాగుడువల, నీళ్ళలోకి గాలి ఊదే చిన్న బ్యాటరీ యంత్రం, నీళ్ళు పోసి గడ్డకట్టించిన పాలసీసాలు ఉన్నాయి. పొద్దున్నే లేచి, ఎండ ముదిరేలోపు ఒక మడుగులో చేపలన్నీ పట్టి, పాతిక కిలోమీటర్ల అవతల ఉన్న పెద్ద నదిలో వదిలి రావడం ఆమె పెట్టుకున్న పని. అందుకు చేపల శాఖ వాళ్ళ దగ్గర అనుమతి కాగితం కూడా తెచ్చుకుంది. అరవై ఏడేళ్ళ వయసులో నడుముకి బెల్టు బిగించుకుని తడిసిన వల లాగుతుంటే దారిన పోయే లారీవాళ్ళు హారన్ కొట్టి చెయ్యి ఊపేవాళ్ళు. ఆగిన వాడు లేడు.

తోడుకి వచ్చింది టిపెనె ఒక్కడే. అతను ఊరి బళ్ళో కాపలా పని చేస్తాడు. యాభై దాటిన మనిషి, పెద్ద బొజ్జ, నెమ్మదిగా నడుస్తాడు. అతను వచ్చేది ట్రౌట్ కోసం కాదు, పాముల్లాంటి మలుగు చేపల కోసం. వాళ్ళది ఆ నేల మూలవాసుల కుటుంబం, తాతల కాలం నుంచీ ఆ ఏటి మలుగులు వాళ్ళవి.

"ఆంటీ, మీ తాతలు ఓడెక్కించి తెచ్చిన దొరల్ని నువ్వు చూసుకో. మా ముసలమ్మల్ని నేను చూసుకుంటా," అనేవాడు చేతికి గోనెపట్టా చుట్టుకుంటూ.

"మీ ముసలమ్మలు రాత్రికి రాత్రి మా దొరల్ని నలుగుర్ని మింగారు. పొట్టలు చూడు, ఎలా ఉన్నాయో!"

"మరి నూట యాభై ఏళ్ళు మా ఇంట్లో కూర్చుని తిన్నారు. అద్దె కట్టొద్దూ?"

నోలీన్ నవ్వేది. నవ్వుతూనే నీళ్ళలో ఉష్ణమాపకం ముంచి చూసేది. ఇరవై ఒకటి. ఇరవై రెండు. ట్రౌట్ చల్లటి నీళ్ళ చేప. ఇరవై దాటితే దానికి ఊపిరి బరువవుతుంది. ఇరవై అయిదంటే ఇక లెక్క తేలిపోయినట్టే.

పన్నెండు రోజుల్లో వాళ్ళు తొమ్మిది మడుగులు ఖాళీ చేశారు. పదోది ఒక్కటే మిగిలింది. అది విల్లో చెట్ల మలుపు దగ్గరుంది. ఏట్లోకెల్లా లోతైన మడుగు అదే. దానికి దారి ఇవాన్ మెకెల్వీ పొలంలోంచి పోతుంది. నోలీన్ ఆ గేటు తీసి నాలుగేళ్ళయింది.

అంతకు ముందు ముప్ఫై రెండేళ్ళు ఆ గేటు ఆమెకి సొంత గేటు లాంటిది. ఆ రోజుల్లో ఆమె ఎర్ర వ్యానులో ఊళ్ళకీ పొలాలకీ ఉత్తరాలు పంచేది. ఒక అక్టోబరు ఉదయం వంతెన మీద వ్యాను ఆపి చూస్తే, మోకాలు లోతు నీళ్ళలో ఎవడో సన్నటి కర్ర పట్టుకుని ఆకాశంలోకి ముందుకీ వెనక్కీ ఆడిస్తున్నాడు.

"ఏమయ్యా, కందిరీగల్ని తోలుకుంటున్నావా?" అని అరిచింది.

"అవును పోస్టమ్మా, దిగు. నువ్వూ నాలుగు తోలుదువుగాని," అన్నాడు ఇవాన్.

ఆమె దిగింది. ఆ రోజు ఉత్తరాలన్నీ గంటన్నర ఆలస్యంగా అందాయి.

దారం గాల్లో ఎలా విప్పాలో, ఈకలతో దారప్పోగులతో చేపని భ్రమపెట్టే ఉత్తుత్తి ఈగని ఎలా కట్టాలో, దాన్ని నీటి మీద చప్పుడు లేకుండా ఎలా వాల్చాలో ఆమెకి ఇవానే నేర్పాడు. నీడ నీళ్ళ మీద పడకూడదన్నాడు. పట్టిన చేపని చెయ్యి తడుపుకున్నాకే ముట్టుకోవాలన్నాడు. ఏడాదికి రెండో మూడో తింటే తినాలి, మిగతావి వదిలెయ్యాలన్నాడు. ఇద్దరి మధ్యా ఇంకేదో ఉందని ఊళ్ళో కొన్నాళ్ళు చెప్పుకున్నారు. ఇవాన్ భార్యే ఆ మాట విని పగలబడి నవ్వి, "ఆయన పక్కన చప్పుడు చెయ్యకుండా ఆరు గంటలు నిలబడగలిగితే తీసుకుపొమ్మను," అంది. నిజానికి వాళ్ళిద్దరూ ఏటి దగ్గర రోజుకి పది మాటలు కూడా మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఒకళ్ళు వేస్తుంటే ఒకళ్ళు గట్టు మీద కూర్చుని చూసేవాళ్ళు. మధ్యాహ్నం మాంసం కూరి కాల్చిన రొట్టె చెరో సగం తినేవాళ్ళు. అంతే.

విల్లో మడుగులో ఆరేళ్ళ కిందట ఒక పెద్ద గోధుమరంగు ట్రౌట్ కాపురం పెట్టింది. దవడ వంకర తిరిగి, మెడ దగ్గర పెద్ద పెద్ద నల్ల చుక్కలతో, ఏది ముందు పెట్టినా వాసన చూసి వెనక్కి తిరిగిపోయేది. ఇవాన్ దానికి బిషప్ గారని పేరు పెట్టాడు. ఇవాన్ ఒకసారి, నోలీన్ ఒకసారి దాన్ని పట్టి వదిలారు. 

ఇవాన్ గొర్రెలు అమ్మేసి పాడి పెట్టి పదకొండేళ్ళయింది. ఉన్నికి ధర లేదు, కూతురూ అల్లుడూ ఇంటికి వచ్చారు. ఏదో ఒకటి చెయ్యాలి కదా. నాలుగొందల యాభై ఆవులకి పచ్చిక కావాలి, పచ్చికకి నీళ్ళు కావాలి. లోతు బావి తవ్వించి, చక్రాల మీద గడియారం ముల్లులా తిరిగే అర కిలోమీటరు పొడవు తుంపర యంత్రం పెట్టించాడు. అంతా కాగితాల ప్రకారమే చేశాడు. అతని తరవాత పక్కవాడు, వాడి పక్కవాడు. ఏటికి పుట్టుక నేల కింద ఊటల్లో. ఊటలు ఒక్కొక్కటే సన్నబడ్డాయి. నాలుగేళ్ళ కిందట నోలీన్ గట్టు మీద కూర్చుని, ఇవాన్ వైపు చూడకుండానే, "నీ బావి తాగేస్తోంది దీన్ని," అంది. ఇవాన్ దారం చుట్టేసి ఇంటికి వెళ్ళిపోయాడు. మోకాళ్ళు నొప్పులంటూ మళ్ళీ ఏటికి రాలేదు. వాళ్ళు పోట్లాడుకోలేదు. ఊరి దుకాణంలో ఎదురుపడితే వాన సంగతి మాట్లాడుకునేవాళ్ళు. అంతకంటే పోట్లాటే నయం.

ఇప్పుడు ఆ గేటు తీయాలి. టిపెనెని బండిలోనే ఉండమని నోలీన్ పాలశాల వైపు నడిచింది. ఇవాన్ గొట్టంతో నేల కడుగుతున్నాడు. ఆమెని చూసి నీళ్ళు కట్టేశాడు.

"ఏం పోస్టమ్మా, దారి తప్పావా?"

"మడుగు దగ్గరికి వెళ్ళాలి."

"వెళ్ళు. ఎవరు కాదన్నారు?"

"వెళ్ళి చేపల్ని ఎత్తుకుపోవడానికి కాదు ఇవాన్. ఎత్తి ఎక్కడ పొయ్యను? ఇప్పుడు పెద్ద నదే ఉడుకుతోంది. ఈ ఏట్లో కాస్త చల్లగా ఉన్నది నీ మడుగొక్కటే. దాని అడుగున ఊట ఇంకా బతికుంది, చెయ్యి పెడితే తెలుస్తుంది. పది రోజులు నీ బావి ఆపు."

ఇవాన్ గొట్టం కింద పెట్టాడు. "పది రోజులా! ఈ గాలిలో? పదోరోజుకి నా పొలం కాల్చిన రొట్టెలా ఉంటుంది."

"అవును."

"నేనొక్కణ్ణి ఆపితే? నాకు ఎగువన పదకొండు బావులున్నాయి. వాళ్ళు ఆపుతారా?"

"వాళ్ళెవరూ నాకు దారం విసరడం నేర్పలేదు. అందుకే నీ దగ్గరికొచ్చాను."

"మాటలు బాగానే నేర్చావు. ఆవులకి నువ్వు చెప్పు, బిషప్ గారి కోసం పస్తుండమని." అతని గొంతు పెద్దదైంది. పాలశాల లోపలినుంచి అల్లుడు తల బయట పెట్టి చూశాడు. "నాలుగేళ్ళు నా గేటు తట్టలేదు నువ్వు. చేప చస్తోందంటే వచ్చావు."

 అది నిజమే. నోలీన్ తిరిగి వచ్చి బండి ఎక్కింది.

"ఏమన్నాడు?" అన్నాడు టిపెనె.

"ఉన్న మాటే అన్నాడు."

మర్నాడు ఉదయం ఆమె వంతెన దాటుతుంటే ఏదో తేడాగా అనిపించి బండి ఆపింది. చప్పుడు లేదు. ఇవాన్ పొలంలో తుంపర యంత్రం కదలకుండా నిలబడి ఉంది. దాని గొట్టాల వరస మీద మాగ్‌పై పిట్టలు వాలి ఉన్నాయి.

ఆమె విల్లో మడుగుకి వెళ్ళేసరికి ఇవాన్ అక్కడే ఉన్నాడు. చాకుతో గంట్లు పెట్టిన కర్రని మడుగు అంచున పాతుతున్నాడు. ఒక్కో గంటు ఒక వేలెడు.

"ఏడు రోజులు," అన్నాడు తలెత్తకుండా. "పది నావల్ల కాదు. అల్లుడు ఇంట్లో నాతో మాట్లాడటం మానేశాడు."

"ఏడు చాలు."

"చాలదేమో."

"చాలు," అంది నోలీన్.

ఆ రోజు నుంచి ఇద్దరూ తెల్లవారేసరికి కర్ర దగ్గరుండేవాళ్ళు. మొదటి రోజు నీరు ఒక గంటు దిగింది. రెండోరోజు సగమే దిగింది. ఇవాన్ నేల మీద బోర్లా పడుకుని, ముక్కు నీళ్ళకి ఆనేలా వంగి చూశాడు. "సగమే, నోలీన్. సగమే!" అన్నాడు. ఆమె ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చింది. మూడో రోజు అసలు దిగలేదు. నీడలో బిషప్ గారు తోక మాత్రం మెల్లగా ఆడిస్తూ ఊట నోటి దగ్గర నిలబడి ఉన్నాడు. అతని వెనక చిన్నా పెద్దా ఇరవై దాకా ఉన్నాయి. ఇద్దరూ గట్టు మీద ఎండిన గడ్డిలో కూర్చుని, చీజ్ వేసి కాల్చిన చిన్న స్కోన్ రొట్టెలు తిన్నారు. పాత రోజుల్లోలా మాటల్లేవు. నోలీన్‌కి ఆ గంటసేపు ఏటి సంగతి కూడా మరుపొచ్చింది.

నాలుగోరోజు కొండల మీదనుంచి వాయవ్యపు గాలి దిగింది. పొయ్యి మూత తీసినట్టు వేడి. విల్లో ఆకులు కొమ్మల మీదే మాడి రాలాయి. నీరు రెండు గంట్లు దిగింది. అయిదో రోజు మరో రెండు. ఇవాన్ పొలం అంచులనుంచి పసుపు తిరుగుతూ వచ్చింది. ఆవులు కంచె దగ్గర చేరి అరుస్తున్నాయి. ఎగువన మాత్రం దూరంగా పదకొండు తుంపర యంత్రాలూ తిరుగుతూనే ఉన్నాయి. ఎండలో వాటి తుంపరకి రంగులు కనిపించేవి.

నోలీన్ వాళ్ళ దగ్గరికీ వెళ్ళింది. ఇద్దరు గేటు దగ్గరే మర్యాదగా మాట్లాడి పంపారు. ఒకామె నీళ్ళిచ్చి, "మా ఆయన వచ్చాక అడుగుతాను," అంది. మిగతా పొలాల్లో యజమానులు లేరు, పట్నంలో ఉంటారు. జీతగాళ్ళు భుజాలెగరేశారు.

ఏడో రోజు ఉదయం కర్ర మొదలు పొడి నేలలో ఉంది. నోలీన్ మోచెయ్యి దాకా ముంచి ఊట నోటి దగ్గర వేళ్ళు పెట్టింది. చల్లదనం లేదు. వేళ్ళు అక్కడే ఉంచి చాలాసేపు చూసింది, తనే పొరబడ్డానేమోనని.

"ఆగిపోయిందా?" అన్నాడు ఇవాన్.

ఆమె తలూపింది.

"చెప్పాను కదా, నేనొక్కణ్ణి ఆపితే లాభం లేదని." ఆ మాటలో గెలుపేమీ లేదు. పాతిన కర్ర పీకుతూ అన్నాడు, "ఎప్పుడైనా ఒక్కసారి నా మాట తప్పయితే బాగుండు."

ఇక ఎత్తడమే మిగిలింది. టిపెనె వచ్చాడు. ముగ్గురూ వల రెండు చివరలా పట్టి బురదలో లాగారు. మోకాళ్ళ నొప్పి సంగతి ఇవాన్ ఎత్తలేదు. చిన్నచేపలు సులువుగానే వచ్చాయి. మూడు పొడవాటి మలుగుల్ని టిపెనె గోనెసంచిలో వేసి వాటితో ఏదో తన భాషలో మెల్లగా చెప్పాడు. బిషప్ గారు మటుకు పారిపోవడానికి కూడా చూడలేదు. ఇవాన్ చేతులు తడుపుకుని కింద చేతులు పెడితే ఒళ్ళో పిల్లలా వచ్చాడు. అంత పెద్ద చేప అంత నిమ్మళంగా రావడం చూసి నోలీన్ తొట్టిలో ఇంకో ఐసు సీసా వేసింది.

"అక్కడికి తీసుకెళ్ళినా బతకడేమో ఆంటీ," అన్నాడు టిపెనె.

"ఇక్కడ వదిలితే మధ్యాహ్నానికి పోతాడు. పద."

నోలీన్ నడిపింది. ఇవాన్ వెనక తొట్టి పక్కన కూర్చుని, ఐసు సీసా ఒక చేత్తో తిప్పుతూ, రెండో చేత్తో చేప కడుపు కింద పట్టుకుని వచ్చాడు. గతుకు వచ్చినప్పుడల్లా అద్దంలోంచి చూసి, "ఎలా ఉన్నాడు?" అని అడిగేది. "ఉన్నాడు," అనేవాడు. చివరి గతుకు దగ్గర ఆమె అడగలేదు.

నది ఒడ్డున నీటి వేడి ఇరవై మూడు. టిపెనె మలుగుల్ని వదిలి, చిన్నచేపల్ని లోతు చూసి వదిలాడు. కొన్ని చటుక్కున చీకట్లోకి పోయాయి. కొన్ని తెల్లటి పొట్ట తిప్పి నీటివాలుకి కొట్టుకుపోయాయి. ఇవాన్ నడుం లోతు నీళ్ళలోకి నడిచి బిషప్ గారిని ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని నిలబడ్డాడు. నోరు తెరుచుకుంటే నీరు మొప్పల్లోంచి పోవాలి. అలా పోతుంటే బలం వచ్చి, తనంతట తనే చేతుల్లోంచి జారిపోతుంది. ఆ సంగతి నోలీన్‌కి నేర్పింది కూడా అతనే.

పావుగంట అయింది. అరగంట అయింది.

"నేను పట్టుకుంటాను ఇటివ్వు," అంది నోలీన్.

"వద్దు. మొప్ప కదులుతోంది."

ఇంకో పది నిమిషాలకి టిపెనె ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఒడ్డు మీది నుంచి కూడా తెలుస్తూనే ఉంది, మొప్పల్ని కదిలిస్తున్నది ప్రవాహమే. ఇవాన్‌కీ తెలుసు. తెలిసే ఇంకాసేపు పట్టుకున్నాడు. ఆమె నీళ్ళలోకి దిగి పక్కన నిలబడింది. వదలమని చెప్పలేదు.

చివరికి అతనే, "అల్లుడు ఎదురుచూస్తుంటాడు," అన్నాడు.

చేపని ఒడ్డున ఇసకలో పూడ్చారు. టిపెనె అన్నాడు, "మా వాళ్ళయితే తినేవాళ్ళు, గౌరవంగా." ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వించాలని అనలేదు.

ఆ సాయంత్రం ఇవాన్ పొలంలో తుంపర యంత్రం మళ్ళీ తిరిగింది. పచ్చిక అప్పటికే వేళ్ళతో సహా పోయింది. ఆ ఏడు ఎనభై ఆవుల్ని ముందే అమ్మేశారు. అల్లుడూ కూతురూ ఊళ్ళో వేరే ఇల్లు చూసుకున్నారు. పొద్దున్నే పాలు పితకడానికి మాత్రం వచ్చి పోతారు. ఇదంతా నోలీన్‌కి దుకాణంలో తెలిసింది. ఇవాన్ చెప్పలేదు.

చలికాలంలో వానలు బాగానే పడ్డాయి. ఆగస్టుకి ఏరు మళ్ళీ ఒక చివర నుంచి ఒక చివరకి పారింది. అక్టోబరు ఒకటి, గాలాల కాలం తెరుచుకునే రోజు. నోలీన్ ఆ ఏడు కూడా లైసెన్సు తీసుకుంది. నడుం దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, గాలం కర్రతో వంతెన దగ్గర దిగి, ఏటి వెంట పైకి నడిచింది. నీళ్ళు గాజులా ఉన్నాయి. అడుగున ప్రతి రాయీ కనిపిస్తోంది. ఒక రాయి తిరగేసి చూసింది. కింద, ఈగలుగా మారే పాకుడు పురుగులు లేవు. ఇంకోటి తిరగేసింది. ఈగలు లేవు. ఈగలు లేనిచోట చేపలుండవు. తెలిసినా నాలుగు గంటలు నడిచింది. నీడ పడకుండా, చప్పుడు చెయ్యకుండా, ప్రతి మలుపు దగ్గరా వంగి చూస్తూ నడిచింది. ఒక్కచోట కూడా నీటి మీద సుడి లేవలేదు. ఒక్కసారి కూడా దారం విసరలేదు.

విల్లో మలుపు దగ్గర ఇవాన్ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. గాలం కర్ర తెచ్చుకోలేదు. ఆమెకి చోటిచ్చి పక్కకి జరిగాడు.

"ఏమైనా?"

"లేదు."

"కింద మలుపులో?"

"ఎక్కడా లేదు ఇవాన్."

"పెద్ద నదిలోంచి పైకొస్తాయేమో. రెండేళ్ళకో మూడేళ్ళకో."

"వస్తాయి. మళ్ళీ ఫిబ్రవరి కూడా వస్తుంది."

 ఇద్దరూ నీటిని చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి అతని జేబులో ఫోను మోగింది. తీసి చూసి, "ఆవులకి పాలవేళ," అని మోకాళ్ళ మీద చేతులు ఊని లేచాడు. "నువ్వు ఉంటావా?"

"కాసేపు."

"గేటు తీసే ఉంచుతాను."

అతను వెళ్ళాక ఆమె కర్రకున్న దారం విప్పి చుట్టింది. చివర కట్టిన ఈగని కత్తిరించి చొక్కా జేబులో వేసుకుంది. చల్లగాలి మొదలైంది. వంతెన దాకా వెనక్కి నడిచింది గానీ ఈసారి నీళ్ళలోకి చూడలేదు, గట్టు మీది బాటనే వచ్చేసింది.